ప్లమ్ క్రీక్ రోడ్డు గంట

ప్లమ్ క్రీక్ రోడ్డు,
టేబర్ కౌంటీ, నెబ్రాస్కా.
ఏప్రిల్ 11, 1988

చెల్లెమ్మ ఆర్డిస్‌కి,

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. ఫోన్లో అయితే నీకు నచ్చని మాట రాగానే పొయ్యి మీద ఏదో మాడుతోందని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు. అందుకని రాస్తున్నాను.

పోయిన మంగళవారం నేను చర్చి వంటింట్లో ఉన్నాను. ష్రోడర్ల పెద్దావిడ అంత్యక్రియల భోజనానికి శాండ్‌విచ్‌లు చేస్తున్నాం. ఇంటికొచ్చి చూద్దును కదా, తాతయ్య తవ్విన నేలమాళిగ తలుపు మీద ఎర్ర కాగితం, నాలుగు మూలలా మేకులు. "సుడిగాలి సమయంలో ఆశ్రయానికి పనికిరాదు." కింద కౌంటీ ముద్ర, దాని కింద నీ సంతకం. నా తోడబుట్టినదాని సంతకం.

నేనింకా ఆ కాగితం చదువుతుండగానే పక్క పొలం ఎల్డన్ వచ్చి కంచె మీద మోచేతులు ఆనించాడు. ఎనభై నాలుగేళ్ళొచ్చినా ఎవరింటి ముందు ఎవరి కారు ఆగిందో ఆయనకి తెలియకుండా పోదు. "మీ చెల్లెలు వచ్చిందిగా. మార్లిస్ ఇంట్లో కూర్చుని దాల్చినచెక్క రొట్టెలు తింది. రెండు తింది" అన్నాడు. రెండు, ఆర్డిస్! నేను ఒకటి పెడితే లావైపోతానని సగం తుంచి పక్కన పెడతావు.

మార్లిస్ ఈ రోడ్డుకి వచ్చి ఎన్నాళ్ళని? మొగుడు ఒమాహాలో ఉద్యోగం మానేశాక ఇక్కడ కొత్త ఇల్లు కట్టుకుంది. నేను ఈ రోడ్డు మీద పుట్టాను. సుడిగాలి వచ్చేముందు ఆకాశం ఆకుపచ్చగా మారిందంటే పెరట్లో నాయనమ్మ గంట కొడతాను. ఆ గంట విని రోడ్డంతా నా మాళిగలోకి దిగుతుంది. ముప్ఫై ఏళ్ళుగా ఇదే. ఎవరి చోటు వాళ్ళది. మెట్ల పక్కన ష్రోడర్లు, వెనక గోడ కింద బంగాళాదుంపల తొట్టి మీద ఎల్డన్, దీపం దగ్గర నేను. గాలి పోయేదాకా నేను ఊరేసిన బీట్‌రూట్ సీసా చేతులు మారుతూ ఉంటుంది. డ్యువేన్‌ని పూడ్చిన వారానికే ఓ గాలివాన వస్తే ఆ ఏడుపులోనే లేచి గంట కొట్టాను. మొగుడు పోయిన ఈ కొంపకి ఇంకా మనుషులు వస్తారని నాకు నమ్మకం కలిగేది ఆ గంట కొట్టినప్పుడే.

ఆ కాగితం వెనక్కి తీసుకో. నా మీద నీకేం కక్ష ఉందో కూడా రాయి.

ఒళ్ళు మండుతూ,
లవాన్


కౌంటీ కోర్టుహౌస్, విల్మట్.
ఏప్రిల్ 19

అక్కా,

రొట్టెలు రెండు తిన్న మాట నిజం. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. నీ తలుపు కొట్టాను, నువ్వు లేవు. మార్లిస్ పిలిచింది, వెళ్ళాను.

ఏడాదిగా ఈ కౌంటీ అంతా తిరుగుతున్నామని నీకు చెప్పాను. ఏ వాగు ఎక్కడ గట్టు దాటుతుంది, మంచు తుఫానొస్తే ఏ ఊరికి దారి మూసుకుపోతుంది, సుడిగాలి వస్తే ఎవరు ఎక్కడికి పరిగెడతారు, పరిగెత్తినచోట బతుకుతారా లేదా. ఇవన్నీ చూసి రాయడమే నా ఉద్యోగం. బాగున్నచోట ఆకుపచ్చ కాగితం, లేనిచోట ఎర్రది. నీ రోడ్డు మీద ఆకుపచ్చది ఒక్కటే వచ్చింది. అది మార్లిస్ ఇంటికి వచ్చింది.

నీ మాళిగ వెనక గోడకి పొట్ట వచ్చింది అక్కా. నేను అరచెయ్యి ఆనించి చూశాను. నడుము ఎత్తులో లోపలికి ఉబ్బి ఉంది, పక్కన పగులు. నువ్వు దీపం ముందు కూర్చుంటావు, దీపం వెనక ఏముందో నీకు కనబడదు. సుడిగాలి వచ్చే రోజున ముందు వాన కురుస్తుంది. తడిసిన మట్టి బరువెక్కి ఆ గోడని తోస్తుంది. గాలి నీ ఇంటి దరిదాపులకి రాకపోయినా ఆ గోడ పడుతుంది. పడితే ఎల్డన్ మీద పడుతుంది. తొట్టి సరిగ్గా అక్కడే ఉంది.

మార్లిస్ ఇంటి కింద అంతా సిమెంటు, లోపల ఉక్కు చువ్వలు, బయటపడ్డానికి రెండు దారులు. ఆవిడంటే నీకు గిట్టకపోవచ్చు. గోడలకి ఆ సంగతి తెలియదు కదా.

కాగితం వెనక్కి తీసుకోలేను. కక్ష గురించి అడిగావు. అది ఇంకోసారి రాస్తాను.

నీ మీద బెంగతో,
ఆర్డిస్


ప్లమ్ క్రీక్ రోడ్డు.
మే 3

ఆర్డిస్,

ఆదివారం మార్లిస్ రోడ్డంతటినీ పిలిచింది. ఎందుకో తెలుసా? నువ్విచ్చిన ఆకుపచ్చ కాగితం చూపించడానికి. ఫ్రేము కట్టించింది. మా పెళ్ళి ఫోటోకి కూడా అంత మంచి ఫ్రేము లేదు.

మెట్లు దిగేచోట ఒక బోర్డు: "దయచేసి బూట్లు ఇక్కడ విప్పండి." సుడిగాలి ఇంటికప్పు ఎత్తుకుపోతుంటే మనం వరసలో నిలబడి బూట్ల తాళ్ళు విప్పుకోవాలన్నమాట. కింద మీగడ రంగు తివాచీ, సోఫాలు, టీవీ, ఓ మూల బాత్రూము. ష్రోడర్ల కోడలు ఆ కుళాయి తిప్పుతుంది, కట్టేస్తుంది, మళ్ళీ తిప్పుతుంది. ఇన్నేళ్ళూ నా మాళిగలో మూల బకెట్టుతో నోరెత్తకుండా సరిపెట్టుకున్న మనిషి.

ఎల్డన్ బూట్లు విప్పాడు. మేజోడు చిల్లులోంచి బొటనవేలు బయటికొచ్చింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. భార్య పోయిన మనిషికి మేజోళ్ళు కుట్టేవాళ్ళెవరుంటారు? ఆయన కాలు సోఫా కిందికి లాక్కున్నాడు, వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకుని "అబ్బా, ఎంత మెత్తగా ఉందో" అన్నాడు. ఆ మాట విన్నప్పట్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. కుళ్ళే, దాచను. సోఫా చూసి కాదు, టీవీ చూసి కాదు. నా వాళ్ళని చూసి. వాళ్ళు ఆవిడ కప్పుల్లో కాఫీ తాగుతూ ఆవిడ మాటలకి నవ్వుతున్నారు. నన్ను ఓ మూల చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు.

పైగా అందరి ముందూ అడిగింది. "లవాన్‌గారూ, మీ బీట్‌రూట్ ఎలా ఊరేస్తారో చెప్పరూ? ఇక్కడ నాలుగు సీసాలు పెట్టుకుంటాను." నా గంట పోయింది, నా జనం పోయారు, ఇక సీసా కూడా కావాలి. "లవంగాలు గుప్పెడు వెయ్యి, అదే రహస్యం" అన్నాను. నేను ఒక్క లవంగం కూడా వెయ్యనని నీకు తెలుసు. ఆవిడ పాపం శ్రద్ధగా రాసుకుంది.

నీ ఎర్ర కాగితం చించి పొయ్యిలో పెట్టాను. వెనక గోడకి సిమెంటు పూశాను, దాని మీద సున్నం కొట్టాను. ఇప్పుడు వచ్చి చూడు, పెళ్ళికూతురిలా ఉంది. ఈసారి ఆకాశం రంగు మారిన రోజున నేను గంట కొడతాను. ఈ రోడ్డు ఎటు తిరుగుతుందో నువ్వూ చూద్దువుగాని, నీ మార్లిస్ కూడా చూస్తుంది.

లవాన్


విల్మట్.
మే 12

అక్కా,

నీ ఉత్తరం చదివి లవంగాల దగ్గర గట్టిగా నవ్వాను. ఆఫీసులో అందరూ నా వైపు చూశారు. ఆ తర్వాత నవ్వు రాలేదు.

గోడకి పూత పూస్తే పొట్ట వెనక్కి పోదు. పగులు కనబడకుండా పోతుంది, అంతే. ఇదివరకు కనీసం చూసి భయపడే వీలుండేది. ఇప్పుడు అదీ లేకుండా చేశావు.

కక్ష సంగతి రాస్తానన్నాను. గోడ గురించి నేను రాసినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కానీ ఆ కాగితాన్ని రోడ్డుకి కనబడేలా కొట్టనక్కర్లేదు. మిగతా ఇళ్ళల్లో మనిషి చేతికిచ్చి, కూర్చుని నచ్చజెప్పి వచ్చాను. నీ ఇంటికి మళ్ళీ రావచ్చు. రాలేదు. కారులో ఉన్న సుత్తి తీసి నాలుగు మూలలా మేకులు కొట్టాను. కొడుతుంటే ఒంట్లో హాయిగా అనిపించింది. ఎందుకో ఇంటికొచ్చి పడుకున్నాక తెలిసింది.

నాయనమ్మ గంట తాడు నీ చేతికే ఇచ్చేది. నేను ఎంత ఏడ్చినా ఇచ్చేది కాదు. "పెద్దది కొడుతుంది, నువ్వు మెట్లు దిగు" అనేది. నేను కింద చీకట్లో కూర్చుని పైన నువ్వు కొడుతుంటే వినేదాన్ని. ఊరంతా నీ చప్పుడికి వచ్చేది. పొలం నీకొచ్చింది, మాళిగ నీకొచ్చింది, వాటి మీద నాకు ఆశ లేదు. ఆ తాడు మాత్రం అరవై దాటినా నాకు మింగుడుపడలేదు. నువ్వు మార్లిస్‌ని చూసి ఎలా కుళ్ళుతున్నావో, నేను నిన్ను చూసి చిన్నప్పట్నుంచీ అలాగే కుళ్ళుతున్నాను. అందుకే నీ బాధ నాకు బాగా తెలుసు.

ఒక్కటే అడుగుతాను. గంట కొట్టకు. ష్రోడర్లు మార్లిస్ ఇంటికి వెళ్ళిపోతారు, వాళ్ళ పిల్లలు కుదురుగా కూర్చునేది టీవీ ఉన్నచోటే. తక్కినవాళ్ళూ అంతే. ఎల్డన్ మాత్రం నీ గంట వింటే నీ దగ్గరికే వస్తాడు. ఆయన కాళ్ళకి ఆ దారి ఒక్కటే తెలుసు. నన్ను తిట్టు, మార్లిస్‌ని తిట్టు, ఆయన్ని మాత్రం ఆ గోడ కింద కూర్చోబెట్టకు. నీ చేతులు పట్టుకుని అడుగుతున్నాను.

నీ చెల్లి


ప్లమ్ క్రీక్ రోడ్డు.
జూన్ 8

ఆర్డిస్,

సుడిగాలి వార్త రేడియోలో వినే ఉంటావు. మాకు కొంచెం దూరంగా పోయింది. ష్రోడర్ల గాదె పైకప్పు ఎగిరిపోయింది. మనుషులంతా క్షేమం.

నేను మార్లిస్ ఇంటికే వెళ్ళాను. ఎల్డన్‌ని నా ట్రక్కులో తీసుకెళ్ళాను. అంతా తెరిపినిచ్చాక ఇంటికొచ్చి చూస్తే మాళిగ వెనక గోడ పడిపోయింది. తొట్టి మట్టి కిందకి పోయింది, పైకి ఒక చెక్క మొన మాత్రం కనబడుతోంది. నువ్వు గెలిచావు. నీ కాగితాల్లో రాసుకో.

మార్లిస్ బీట్‌రూట్ ఎవరూ నోట్లో పెట్టుకోలేకపోయారు.

లవాన్


విల్మట్.
జూన్ 14

బంగారు అక్కా,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని ఏడ్చాను. గెలవడం ఏమిటి? నువ్వు బతికున్నావు, ఎల్డన్ బతికున్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి?

నిన్న కౌంటీ సభ్యుల సమావేశంలో నీ సంగతి చెప్పాను. "మా అక్క మొండిది, ఆ మాళిగ అంటే ప్రాణం. అలాంటిది, పక్కింటి పెద్దాయన్ని వెంటబెట్టుకుని ఆశ్రయానికి వెళ్ళింది" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. వచ్చే నెల సమావేశానికి నిన్ను పిలిచి నాలుగు మాటలు మాట్లాడించాలట. కౌంటీలో ఎర్ర కాగితాలొచ్చిన వాళ్ళు ఇంకా చాలామంది కోపంగా ఉన్నారు. నీ మాట వింటే మారతారని అంటున్నారు. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఇంకొక్క మాట. మార్లిస్ నాకు ఉత్తరం రాసింది. నువ్వు లోపలికి రాగానే తనకి ఎంత ధైర్యం వచ్చిందో రాసింది. చివర్లో ఓ వాక్యం ఉంది. సుడిగాలి సైరన్ మోగాక కాసేపటికి మీ అక్కగారి గంట వినిపించింది అని. గాలికి ఊగి మోగి ఉంటుందని నేను జవాబిచ్చాను.

అంత ఇనుప గంట గాలికి ఊగదని నీకు తెలుసు, నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. గాలేనా?

ఆర్డిస్


ప్లమ్ క్రీక్ రోడ్డు.
జూన్ 20

ఆర్డిస్,

గాలి కాదు.

నువ్వు గర్వంగా ఉందని రాయకపోతే బహుశా ఇది చెప్పకుండానే ఊరుకునేదాన్ని. ఆ చప్పట్లు మాత్రం నేను మొయ్యలేను.

ఆ సాయంత్రం చాలాసేపు వాన కురిసి వెలిసింది. తర్వాత సైరన్ మోగింది. మోగగానే ఈ రోడ్డు మీద అందరూ చేసే పనే నేనూ చేశాను. లోపలికి దూరకుండా వరండాలోకి వచ్చి చేతులు కట్టుకుని ఆకాశం చూశాను. నైరుతి దిక్కు ఆకుపచ్చగా మారి కిందికి దిగుతోంది. ష్రోడర్ల ట్రక్కు వచ్చింది. నా గేటు దగ్గర నెమ్మదించింది. కోడలు అద్దం దించి "రండత్తా, ఎక్కండి" అని అరిచింది. నేను కదల్లేదు. నన్ను చూసి వాళ్ళే లోపలికి తిరుగుతారనుకున్నాను. తిరగలేదు. మార్లిస్ ఇంటివైపు వెళ్ళిపోయారు. వెనకే ఇంకో ట్రక్కు, ఇంకో కారు. ఒక్కళ్ళు నా గేటులోకి తిరగలేదు.

నీ ఉత్తరం నా ఏప్రన్ జేబులోనే ఉంది. కొట్టకు అన్నావు. కొడితే ఎల్డన్ వస్తాడన్నావు. నేను గంట కొట్టింది మరిచిపోయి కాదు, కంగారులోనూ కాదు. ఎల్డన్ వస్తాడని తెలిసే కొట్టాను. ఎవరో ఒకరు రావాలనిపించింది, అంతే.

వచ్చాడు. సోయా చేలోంచి, టోపీ ఓ చేత్తో పట్టుకుని, ఈదురుగాలికి వంగిపోయి నడుచుకుంటూ వచ్చాడు. "ఈసారి కొట్టవేమో అనుకున్నాను" అన్నాడు.

"మార్లిస్ ఇంటికి పోలేదేం? అక్కడ మెత్తగా ఉంటుందిగా" అన్నాను. అప్పుడు కూడా ఆ మాట అనకుండా ఉండలేకపోయాను.

"అక్కడ బూట్లు విప్పాలి" అన్నాడు. "నీ దగ్గరయితే నా కాళ్ళు ఎవరూ చూడరు."

తన తొట్టి మీద తను కూర్చున్నాడు. నేను దీపం వెలిగించి బీట్‌రూట్ సీసా మూత తీసి ఇచ్చాను. ఆయన వేళ్ళతో ఓ ముక్క తీసి నోట్లో వేసుకుని తలూపాడు. డ్యువేన్ పోయాక నేను అంత సంతోషంగా ఎప్పుడూ లేను. బయట ప్రపంచం ఎగిరిపోతోంది, నేను లోపల ఒక్క మనిషిని గెలుచుకున్నానని మురిసిపోతున్నాను.

ఆయన టోపీ మీద సున్నం పెచ్చు పడింది. దులుపుకుని ఇంకో ముక్క తీసుకున్నాడు. ఇంకో పెచ్చు పడింది. దీపం ఎత్తి చూశాను. నేను పూసిన తెల్లటి గోడ మీద, ఆయన వీపు వెనక, నల్లటి తడి గీత ఇటు కొస నుంచి అటు కొసకి పాకి ఉంది. నేను కొట్టిన సున్నం మీద అది ఎంత బాగా కనబడిందో.

"లే ఎల్డన్" అన్నాను.

"గాలి ఇంకా పోలేదుగా."

"లే. మార్లిస్ దగ్గరికి పోదాం."

ఆయన నమ్మలేనట్టు చూశాడు. "నువ్వా?"

"నేనే."

"మరి బూట్లు?"

"విప్పం. లే."

ఎలా నడిపానో నాకు గుర్తులేదు. ట్రక్కు పక్కకి జరిగిపోతోంది. ఆయన సీసా ఒళ్ళో పెట్టుకుని ఒలకకుండా పట్టుకుని కూర్చున్నాడు. మార్లిస్ ఇంటి ముందు ఆపేసరికి ఆవిడ పై గుమ్మంలోనే ఉంది. జనమంతా కింద ఉంటే తను తలుపు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. జుట్టంతా రేగిపోయి ఉంది. "మీ గంట విన్నాను. మీరిద్దరూ రాకపోయేసరికి నేను కిందికి దిగలేకపోయాను" అంది. మా బురద బూట్లు చూసింది. ఎల్డన్ చెయ్యి పట్టుకుని ఆ మీగడ రంగు తివాచీ మీదుగా నడిపించుకెళ్ళి సోఫాలో కూర్చోబెట్టింది. వెనకే నేనూ నడిచాను. ఆ మరకలు ఇంకా పోలేదు. బోర్డు మాత్రం మర్నాడే తీసేసింది.

ఆవిడ నా కంటే మంచిది, ఆర్డిస్. అది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. అలాగని నాకు కుళ్ళు పోయిందనుకోకు. నిన్న ఎల్డన్ మేజోళ్ళు ఆవిడ కుట్టిపెడుతుంటే చూసి మళ్ళీ భగ్గుమంది. లవంగాల సంగతి ఇంకా చెప్పలేదు. చెప్పను కూడా.

నేను మీ సమావేశానికి రాను. నువ్వే వెళ్ళి చెప్పు, మా అక్క గంట కొట్టింది అని. చప్పట్లు కొట్టినవాళ్ళకే చెప్పు. ఎర్ర కాగితాలొచ్చి కోపంగా ఉన్నవాళ్ళకి అదే ఎక్కువ పనికొస్తుంది. నీ కాగితాల్లో సుడిగాలి, వాగు, మంచు అని వరసగా రాసుకుంటావు కదా. ప్లమ్ క్రీక్ రోడ్డుకి ఇంకొకటి చేర్చు: కుళ్ళుబోతు ముసలిది, చేతిలో గంట తాడు.

గంటని మార్లిస్ పెరట్లోకి మార్చాం. సైరన్ ఈ చివరిదాకా సరిగ్గా వినబడదని ఆవిడే అడిగింది. ష్రోడర్లు స్తంభం పాతారు. తాడు నేనొక్కదాన్నే లాగుతానని షరతు పెట్టాను, ఆవిడ ఒప్పుకుంది. తన ఇంటి తాళం చెవి కూడా ఇచ్చింది.

కొత్త స్తంభం మీద ఎలా మోగుతుందో ఇంకా ఎవరూ వినలేదు. శనివారం రా. ఆ రోజు తాడు నీది. నువ్వు కొట్టు, నేను మెట్లు దిగుతాను.

అక్క